విద్యార్థులే నడిపే పాఠశాల టీవీ స్టూడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠశాలలో ఒక గదిని స్టూడియోగా మార్చి, అక్కడి నుంచి బులెటిన్లు, ఇంటర్వ్యూలు, సభల ప్రత్యక్ష ప్రసారాలు విద్యార్థుల చేతనే చేయించాలనుకునే ఉపాధ్యాయులకు, ఆ పనిలో చేరాలనుకునే విద్యార్థులకు ఎదురయ్యే సందేహాలకు ఇవి సమాధానాలు. పరికరాల గురించిన ప్రశ్నలే ఎక్కువగా వస్తాయి. అయితే ఇలాంటి స్టూడియోలు చాలావరకు మూతపడేది పని పంచుకునే పద్ధతి లేకపోవడం వల్ల కాబట్టి, ఆ వైపు ప్రశ్నలకూ తగినంత చోటు కేటాయించాము.

ముందుగా ఏమేమి కొనాలి?

మొదటి నెలలో ఏమీ కొనకపోవడమే మంచిది. చేతిలో ఉన్న మొబైల్ ఫోనుతో, ఒక ట్రైపాడ్‌తో, ఫోనుకు తగిలించే ఒక కాలర్ మైక్‌తో వారానికొక ఐదు నిమిషాల బులెటిన్ తయారు చేయించండి. నాలుగు వారాలు క్రమం తప్పకుండా బులెటిన్ వచ్చిందంటే జట్టు నిలబడినట్టే. రాలేదంటే ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఆ లోటు తీరదు. ఆ తరువాత కొనుగోళ్లలో మైకులు ముందు, లైట్లు తరువాత, ఆపైన ట్రైపాడ్‌లు, ఒక కెమెరా బొమ్మ నుంచి మరో కెమెరా బొమ్మకు మార్చే స్విచ్చర్, అన్నిటికన్నా చివర కెమెరాలు రావాలి. కొనుగోలు కమిటీలలో ఈ వరుస సాధారణంగా తలకిందులవుతుంది, ఎందుకంటే ప్రారంభోత్సవం ఫొటోలో కెమెరా కనిపించినంత గొప్పగా మైక్ కనిపించదు. చూసేవారు మాత్రం మసక బొమ్మనైనా ఓర్చుకుంటారు గాని, మాట తెలియకుండా గింగురుమనే శబ్దాన్ని అర నిమిషం కూడా భరించరు.

ఎలాంటి గదిని ఎంచుకోవాలి?

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతే గది పనికొస్తుంది. గోడల మధ్య సన్నగా మోగుతూ సాగితే ఆ ప్రతిధ్వని ప్రతి బులెటిన్‌లోనూ వినిపిస్తుంది. ఎదురెదురుగా ఉన్న నున్నని గోడలు, గచ్చు నేల, గాజు కిటికీలు ఇందుకు కారణం. నేల మీద తివాచీ పరచి, కనీసం రెండు గోడలకు మందమైన తెరలను నిండుగా మడతలు వచ్చేలా, గోడకు కొంచెం ఎడంగా వేలాడదీస్తే సమస్య చాలావరకు తగ్గుతుంది. గోడలకు గుడ్ల అట్టలు అతికించడం చాలామందికి తోచే ఉపాయమే గాని, అవి పై స్థాయి ధ్వనులను కాస్త చెదరగొట్టడం తప్ప మనిషి గొంతు స్థాయిలో ప్రతిధ్వనిని పెద్దగా తగ్గించవు. పైగా నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటాయి.

ఆటస్థలం వైపు కిటికీలున్న గది, మెట్ల పక్క గది, బడి గంటకు దగ్గరి గది వద్దు. రికార్డింగ్ సమయంలో ఫ్యాన్లు ఆపక తప్పదు కాబట్టి, లైట్ల వేడిలో పదిమంది ఎంతసేపు ఉండగలరో ముందే చూసుకోవాలి. యాంకర్‌కూ వెనుక తెరకూ మధ్య రెండు మీటర్లు, యాంకర్‌కూ కెమెరాకూ మధ్య మూడు మీటర్లు వదలగలిగితే మామూలు తరగతి గది సరిపోతుంది. డైరెక్టర్, స్విచ్చర్ నడిపేవారు కూర్చునే, టీవీ వాళ్లు పీసీఆర్ అని పిలిచే కంట్రోల్ రూమ్‌కు పక్క గది దొరికితే అదృష్టమే. దొరకకపోతే అదే గదిలో కెమెరాల వెనుక ఒక మూలను తెరతో వేరుచేసి, అక్కడివారంతా హెడ్‌సెట్లలో గుసగుసగా మాట్లాడే అలవాటు చేసుకోవాలి.

మాట స్పష్టంగా వినపడాలంటే ఏం చేయాలి?

మైక్‌ను నోటికి దగ్గరగా పెట్టాలి. మిగిలినవన్నీ దాని తరువాతే. నోటికీ మైక్‌కూ మధ్య దూరం రెట్టింపయితే నేరుగా చేరే గొంతు సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, గదిలోని ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కెమెరాకు ఉన్న సొంత మైక్‌తో రికార్డు చేసిన మాట బావిలోంచి వచ్చినట్టు ఉండడానికి కారణం ఇదే. కూర్చుని చదివేవారికి కాలర్ మైక్‌ను గడ్డం కింద జానెడు దూరంలో, దుస్తులు రాసుకోని చోట పెట్టాలి. వరండాలోనూ మైదానంలోనూ బైట్ (ఒకరు చెప్పే చిన్న మాట) తీసుకోవడానికి చేతిలో పట్టుకునే డైనమిక్ మైక్ మేలు, ఎందుకంటే అది చుట్టుపక్కల గోలను తక్కువగా పట్టుకుంటుంది, కింద పడినా త్వరగా పాడవదు. కండెన్సర్ మైక్‌లలో చాలావాటికి మిక్సర్ నుంచి మైక్ తీగలోనే వచ్చే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, అందాలి. మైక్ పనిచేయడం లేదన్న ఫిర్యాదులు వచ్చినప్పుడు మొదట చూడవలసింది ఆ స్విచ్చునే.

మాట్లాడేటప్పుడు మీటరులో శబ్దం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆడుతూ, గట్టిగా నవ్వినా మైనస్ 6 దాటకుండా చూసుకోవాలి. సున్నాను తాకిన శబ్దం చిరిగిపోతుంది, తరువాత ఏ ఎడిటింగ్‌తోనూ బాగుపడదు. ఆడియో చూసే విద్యార్థి చెవుల మీది నుంచి హెడ్‌ఫోన్ ఒక్క క్షణం కూడా తీయకూడదు; మీటరు శబ్దం ఉందని మాత్రమే చెబుతుంది, అది గొంతో గరగరో చెప్పదు.

పెదవుల కదలికకూ మాటకూ పొంతన ఎందుకు తప్పుతోంది?

కెమెరా నుంచి వచ్చే బొమ్మ దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే క్యాప్చర్ కార్డునూ, కంప్యూటర్‌నూ దాటి వచ్చేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది, మైక్ నుంచి వచ్చే శబ్దం అంత ఆలస్యం కాదు. కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టించి రికార్డు చేయండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ అరచేతులు కలిసిన ఫ్రేమునూ, చప్పుడు మొదలైన చోటునూ గుర్తించండి. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. తేడా మూడు ఫ్రేములుంటే శబ్దానికి 120 మిల్లీసెకన్ల ఆలస్యం జోడిస్తే సరిపోతుంది. కెమెరా గాని, కార్డు గాని మార్చినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

లైట్లు ఎన్ని కావాలి? బొమ్మ ఎందుకు మిణుకుమిణుకుమంటోంది?

ఒక్క యాంకర్‌కు మూడు చాలు. ముఖానికి ఒక పక్క నుంచి, కంటి కన్నా ఎత్తులో సుమారు 45 డిగ్రీల కోణంలో పడే ప్రధాన కాంతి, రెండో పక్క నీడను తగ్గించే మెత్తని కాంతి, జుట్టునూ భుజాలనూ వెనుక తెర నుంచి వేరుచేసి చూపే వెనుక కాంతి. మూడూ ఒకే రంగు ఉష్ణోగ్రతలో ఉండాలి. 5600 కెల్విన్ పగటి కాంతి లైట్లకు 3200 కెల్విన్ పసుపుపచ్చని బల్బు తోడైతే ముఖం ఒక పక్క నీలంగా, మరో పక్క నారింజగా కనిపిస్తుంది, తెలుపును తెలుపుగా చూపే కెమెరా అమరికను, అంటే వైట్ బ్యాలెన్స్‌ను, ఎటు సరిచేసినా రెండో పక్క చెడిపోతుంది. అందుకే కిటికీలను మూసి, గదిలోని మామూలు ట్యూబులైట్లను ఆర్పి పని మొదలుపెట్టాలి. రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే సామర్థ్యాన్ని తెలిపే సీఆర్ఐ అంకె 90కి పైన ఉన్న ఎల్ఈడీలనే కొనండి.

మిణుకుకు కారణం కరెంటు. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంటాయి; షట్టర్ వేగం 1/50 లేదా 1/100 ఉంచితే అది కనబడదు. కరెంటు 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120 ఉంచాలి. షట్టర్‌ను ఆటోలో వదిలేస్తే కెమెరా తనకు తోచిన వేగం ఎంచుకుంటుంది, మిణుకు మళ్లీ వస్తుంది.

ఎన్ని కెమెరాలు, ఎలాంటివి?

రెండు చాలు, మూడు ఉంటే సౌకర్యం. అన్నీ ఒకే మోడల్ అయితే రంగులు కలుస్తాయి. ఒకటి చాలా మంచిదీ రెండు మామూలువీ ఉంటే కట్ చేసిన ప్రతిసారీ చొక్కా రంగు మారినట్టుంటుంది. కొనేముందు మూడు విషయాలు కనుక్కోండి. తెర మీది అంకెలు, గుర్తులు లేకుండా శుభ్రమైన బొమ్మను హెచ్‌డీఎమ్ఐ ద్వారా బయటికి పంపుతుందా, బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు మీద నడుస్తుందా, గంటసేపు ఆపకుండా నడిచినా వేడెక్కి ఆగిపోకుండా ఉంటుందా. మామూలు హెచ్‌డీఎమ్ఐ కేబుల్ పది మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. ఆడిటోరియం నుంచి బొమ్మ తేవాలంటే ఎస్‌డీఐ కేబుల్ అవసరం, మంచి రకమైతే హెచ్‌డీ సంకేతాన్ని సుమారు 100 మీటర్ల వరకు మోయగలదు.

స్విచ్చర్ యంత్రం కొనాలా, సాఫ్ట్‌వేర్ చాలా?

ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, 2012 నుంచి అభివృద్ధి చెందుతూ వస్తోంది, రికార్డింగ్‌నూ ప్రత్యక్ష ప్రసారాన్నీ చక్కగా చేస్తుంది. నేర్చుకోవడం దానితో మొదలుపెట్టవచ్చు. అయితే అదే కంప్యూటర్ స్విచ్చింగ్, గ్రాఫిక్స్, రికార్డింగ్, ప్రసారం అన్నీ మోస్తుంది కాబట్టి అది ఆగితే అన్నీ ఆగుతాయి. నాలుగు హెచ్‌డీఎమ్ఐ ఇన్‌పుట్లుండే ఏటెమ్ మినీ వంటి చిన్న యంత్రంలో నొక్కడానికి నిజమైన బటన్లు ఉంటాయి, పిల్లలకు వేళ్లతో అలవాటవుతుంది. ఏది తీసుకున్నా ప్రివ్యూ, ప్రోగ్రామ్ పద్ధతిలోనే నేర్పించండి. తరువాతి షాట్‌ను ముందు ప్రివ్యూలో చూసుకుని, సరిగా ఉందనుకున్నాకే ప్రసారంలోకి, అంటే ప్రోగ్రామ్‌లోకి, తీసుకోవాలి. నేరుగా ప్రోగ్రామ్ బటన్లు నొక్కడం మొదట సులువనిపిస్తుంది గాని, ముక్కు గోక్కుంటున్న యాంకర్ తెర మీదికి వచ్చేది ఆ పద్ధతిలోనే.

గ్రీన్ మ్యాట్ తప్పనిసరా?

కాదు. వెనుక ఉన్న ఆకుపచ్చను సాఫ్ట్‌వేర్‌తో తీసేసి అక్కడ వేరే దృశ్యం చూపడానికే గ్రీన్ మ్యాట్. మొదటి సంవత్సరం చక్కగా అమర్చిన పుస్తకాల అర గాని, రంగు వేసిన బోర్డు గాని వెనుక ఉంటే అంతకన్నా హుందాగా ఉంటుంది. వాడదలిస్తే మ్యాట్ మీద కాంతి అంతటా సమానంగా పడాలి, యాంకర్ కనీసం ఒకటిన్నర మీటర్లు ముందుకు ఉండాలి, లేకపోతే పచ్చదనం భుజాల మీద ప్రతిఫలిస్తుంది. ఆకుపచ్చనే ఎంచుకోవడానికి ఒక కారణం కెమెరా సెన్సరులోనే ఉంది. 1976లో కొడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన అమరికలో సగం బిందువులు ఆకుపచ్చను చదివేవే, అందువల్ల ఆ రంగు సమాచారం ఎక్కువ స్పష్టంగా అందుతుంది. ఆ రోజు ఎవరూ ఆకుపచ్చ దుస్తులతో రాకూడదని వేరే చెప్పనక్కరలేదు. యూనిఫామే ఆకుపచ్చ అయితే నీలం మ్యాట్ తీసుకోండి.

ఎవరెవరు ఏ పని చేయాలి?

పది, పన్నెండు మందితో బులెటిన్ సాఫీగా నడుస్తుంది. ఆ రోజు అంశాలకు బాధ్యత వహించే ప్రొడ్యూసర్, షాట్లు పిలిచే డైరెక్టర్, స్విచ్చర్ మీద ఒకరు, ఆడియో, గ్రాఫిక్స్, యాంకర్ చదవవలసిన పాఠాన్ని కెమెరా ముందు చూపే టెలీప్రాంప్టర్ ఒక్కొక్కరు, కెమెరాల దగ్గర ఇద్దరు ముగ్గురు, ఫ్లోర్ మేనేజర్, ఇద్దరు యాంకర్లు. అందరూ యాంకర్ కుర్చీనే కోరుకుంటారు. మూడు నాలుగు వారాలకోసారి పనులు మారుతాయని, తెర వెనుక మూడు పనులు నేర్చుకున్నవారికే తెర మీద అవకాశమని మొదటి రోజే చెప్పి ఆ మాట మీద నిలబడితే ఈ తగవు ఉండదు.

ఫ్లోర్ మేనేజర్ పని తేలిగ్గా తీసుకునేది కాదు. స్టూడియోలో డైరెక్టర్ గొంతు యాంకర్‌కు చేరేది ఆ విద్యార్థి చేతుల ద్వారానే. కెమెరా పక్కన, యాంకర్ చూపు తిప్పకుండా కనిపించే చోట నిలబడి, ఐదు, నాలుగు, మూడు అని పైకి లెక్కపెట్టి, రెండు, ఒకటి మాత్రం నోరు మెదపకుండా వేళ్లతో చూపి, తరువాత చేయి చాచి సైగ చేయాలి. చివరి రెండు అంకెలు పలకకపోవడానికి కారణం అప్పటికే మైక్ తెరిచి ఉండవచ్చు. డైరెక్టర్ మాట కూడా ఎప్పుడూ ఒకే వరుసలో ఉండాలి: “రెండు సిద్ధం… తీసుకో రెండు.” రెండు అంటే రెండో కెమెరా; ముందు హెచ్చరిక, తరువాత ఆదేశం. మర్యాద మాటలకు అక్కడ తీరిక ఉండదని, బులెటిన్ అయ్యాక ఎవరూ దాన్ని మనసులో పెట్టుకోకూడదని జట్టుకు ముందే చెప్పాలి.

ఉపాధ్యాయుడు ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చు?

మూడు విషయాలు పూర్తిగా ఉపాధ్యాయుడివే: కరెంటుకూ ఎత్తుకూ సంబంధించిన భద్రత, తెర మీద కనిపించే పిల్లల అనుమతులు, పాఠశాల బయటికి వెళ్లే వీడియోకు తుది ఆమోదం. మిగిలినవి విద్యార్థులకు వదలాలి. రిహార్సల్‌లో ఎన్నిసార్లయినా ఆపి చెప్పవచ్చు. బులెటిన్ మొదలయ్యాక మాత్రం ప్రమాదం ఉంటే తప్ప నోరు విప్పకూడదు. తప్పు కెమెరా రెండు సెకన్లు ప్రసారంలోకి పోతే కొంపలేమీ మునగవు. దాన్ని చూసి ఉపాధ్యాయుడు హెడ్‌సెట్ అందుకుంటే మాత్రం, ఆ తరువాత ఏ చిన్న చిక్కు వచ్చినా డైరెక్టర్ కుర్చీలోని విద్యార్థి తెరవైపు కాక ఉపాధ్యాయుడి ముఖం వైపు చూస్తాడు. బులెటిన్ ముగిశాక పావుగంట అందరూ కూర్చుని రికార్డింగ్ చూసుకోవాలి. ఎవరి పనిలోని తప్పులను వారే ముందుగా చెప్పుకోవాలి.

రన్‌డౌన్ ఎలా ఉండాలి?

రన్‌డౌన్ అంటే బులెటిన్‌లోని అంశాల వరుస పట్టిక. ఒకే కాగితం, అందరి చేతిలో ఒకే ప్రతి. ఒక్కో వరుసలో అంశం సంఖ్య, విషయం, చదివేవారు, కెమెరా, విజువల్స్ ఉన్నాయా, తెర కింది భాగంలో పేరు చూపే ఆస్టన్ బ్యాండ్‌లో పడవలసిన పేరు, నిడివి, అప్పటివరకు గడిచిన మొత్తం సమయం ఉండాలి. ఉదాహరణకు మూడో వరుసలో గ్రంథాలయం వేళల మార్పు, రెండో యాంకర్, రెండో కెమెరా, ఆరో సెకను నుంచి విజువల్స్, 35 సెకన్లు, మొత్తం 2 నిమిషాల 10 సెకన్లు అని ఉంటుంది. నిడివిని ఊహించి రాయకూడదు, గడియారం పెట్టుకుని పైకి చదివి రాయాలి. కంటితో చదివిన వేగం నోటికి ఎప్పుడూ రాదు. చివరి అంశాన్ని అవసరమైతే పూర్తిగా వదిలేయగలిగేదిగా ఎంచుకుంటే సమయం మించినప్పుడు కంగారు ఉండదు. వాక్యాలు చిన్నవిగా ఉండాలి, అంకెలు నోటితో పలికే తీరులో రాయాలి, కష్టమైన పేర్లను ఆ పేరు గలవారినే అడిగి పలకడం నేర్చుకోవాలి.

యాంకర్ మధ్యలో ఆగిపోతే?

టెలీప్రాంప్టర్ ఆగిపోవచ్చు, మాట తడబడవచ్చు. అందుకే యాంకర్ ముందు కాగితం ప్రతి ఎప్పుడూ ఉండాలి, చదివిన పేజీని చదివినట్టే పక్కకు జరుపుకోవాలి. డైరెక్టర్ వెంటనే రెండో యాంకర్‌కు గాని, సిద్ధంగా ఉంచిన విజువల్స్‌కు గాని మారాలి. క్షమాపణ ఒక్కసారి చెబితే చాలు.

ప్రత్యక్ష ప్రసారం చేయాలా, రికార్డు చేసి పంపాలా?

పాఠశాల లోపల తరగతి గదుల తెరలకు ప్రత్యక్షంగా, బయటి ప్రపంచానికి రికార్డు చేసి, పరిశీలించి పంపడం ఉత్తమం. లోపలి ప్రసారంలో జట్టుకు గడియారం మీద భయభక్తులు వస్తాయి, జరిగిన పొరపాటు గోడలు దాటదు. వార్షికోత్సవం వంటివి ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా ఇవ్వదలిస్తే 1080 నాణ్యతకు సెకనుకు 4 నుంచి 6 మెగాబిట్లు అవసరం, అప్‌లోడ్ వేగం దానికి రెట్టింపు ఉండాలి, కంప్యూటర్‌కు వైఫై కాకుండా తీగ కలపాలి. ప్రసారం ఎలా ఉన్నా రికార్డింగ్ మాత్రం వేరుగా నడుస్తూనే ఉండాలి.

తెర మీద తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి. ఎలా సరిచేయాలి?

కొన్ని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లు తెలుగు వత్తులనూ గుణింతాలనూ కలపలేక పక్కపక్కన పడేస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లేదా దక్షిణాసియా లిపుల కోసం ప్రత్యేకమైన ఎంపిక ఉంటే దాన్ని ఆన్ చేయండి, యూనికోడ్ ఫాంటునే వాడండి. అయినా కుదరకపోతే బ్యాండ్‌ను అక్షరాలు సరిగా వచ్చే మరో సాఫ్ట్‌వేర్‌లో తయారు చేసి, పారదర్శక నేపథ్యం గల బొమ్మగా దాచుకుని వాడవచ్చు. క్ష్మి, స్త్ర వంటి అక్షరాలున్న పేరుతో ముందుగా పరీక్షిస్తే లోపం వెంటనే బయటపడుతుంది. వత్తులు కింది అంచు దాటి పోకుండా బ్యాండ్ ఎత్తు కాస్త పెంచుకోవాలి.

విద్యార్థులను చిత్రీకరించడానికి అనుమతి అవసరమా?

అవసరం. తల్లిదండ్రుల నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి, పాఠశాల లోపల చూపడానికీ ఇంటర్నెట్‌లో పెట్టడానికీ వేర్వేరుగా అడగాలి. కుటుంబ వివాదాల వల్ల గాని, రక్షణ కారణాల వల్ల గాని కొందరి ముఖం, ఉనికి బయటికి తెలియడం ప్రమాదకరం కావచ్చు. ఎందుకని వారిని అడగకూడదు. కనిపించకూడనివారి జాబితా ఉపాధ్యాయుడి దగ్గరే ఉండాలి గాని కంట్రోల్ రూమ్ గోడ మీద కాదు. తల్లిదండ్రులు ఒప్పుకున్నా పిల్లవాడు వద్దంటే వద్దు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 13వ అధికరణంలో పిల్లల భావప్రకటన హక్కునూ, 16వ అధికరణంలో వారి గోప్యత హక్కునూ గుర్తించింది. స్టూడియో ఈ రెండింటినీ పాటించాలి. బయటి వీడియోలలో పూర్తి పేరు, తరగతి, ఇంటికి వెళ్లే దారి వంటివి ఒకేచోట కనబడకూడదు, వ్యాఖ్యలు మూసి ఉంచాలి, ఛానెల్ ఏ విద్యార్థి సొంత ఖాతాలోనూ కాక సంస్థ ఖాతాలోనే ఉండాలి.

సినిమా పాటలు నేపథ్యంలో వాడవచ్చా?

హక్కుదారుల అనుమతి లేకుండా వద్దు. కొన్ని సెకన్లు వాడితే ఫరవాలేదన్న నమ్మకానికి ఆధారం లేదు, వీడియో వేదికలు పాటను యాంత్రికంగానే గుర్తుపడతాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గల సంగీతం వాడితే ఆ లైసెన్సు కోరిన విధంగా స్వరకర్త పేరు వేయాలి. బడిలో వీణో తబలానో గిటారో వాయించే విద్యార్థి ఉంటే పది సెకన్ల సంకేత సంగీతాన్ని సొంతంగా చేయించుకోండి, ఈ గొడవే ఉండదు.

పాఠశాలను విమర్శించే వార్త వస్తే ఏం చేయాలి?

ఇది మొదటి బులెటిన్‌కు ముందే రాసుకోవలసిన నియమం, సంఘటన జరిగాక రాసే నియమం ఎవరికీ నచ్చదు. మంచినీటి కుళాయిలు పనిచేయడం లేదని ఒక విద్యార్థి వార్త తెచ్చాడనుకుందాం. స్వయంగా వెళ్లి చూశాడా, ఏ తేదీన చూశాడు, ఎన్ని కుళాయిలు, ఎన్నింటిలో నీరు రావడం లేదు, బాధ్యులను అడిగాడా, వారి జవాబు కథనంలో ఉందా అని ప్రొడ్యూసర్ అడగాలి. ఇవన్నీ ఉంటే వార్త వెళ్లాలి. మరమ్మతు జరిగాక అదీ వార్తే, అదే నిడివిలో. వ్యక్తులను వేళాకోళం చేసేవి, ఒకరి నోటి మాట మీదే ఆధారపడినవి, విద్యార్థుల క్రమశిక్షణ చర్యలకు సంబంధించినవి వెళ్లకూడదు. ఉపాధ్యాయుడు ఒక అంశాన్ని ఆపితే కారణం రాసి ఇవ్వాలి. బహుమతి ప్రదానాలు, అతిథుల ప్రసంగాలు తప్ప మరేమీ లేని బులెటిన్‌ను పిల్లలు రెండు వారాల తరువాత చూడరు.

భద్రత విషయంలో ఏవి తప్పనిసరి?

లైట్ల స్టాండ్లకు ఇసుక సంచులు, నడిచే దారిలో కేబుళ్లకు టేపు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరో బోర్డు తగిలించకపోవడం, పైకప్పుకు వేలాడదీసిన ప్రతి దీపానికీ రెండో ఆధారంగా ఉక్కు తీగ. నిచ్చెన ఎక్కేది పెద్దవారే.

రికార్డింగులు ఎక్కడ, ఎంతకాలం దాచాలి?

సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో రికార్డు చేస్తే గంటకు 22.5 గిగాబైట్లు అవుతుంది, మూడు కెమెరాలు విడివిడిగా రికార్డు చేస్తే దానికి మూడింతలు. అన్నీ దాచడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. పూర్తయిన బులెటిన్‌ను రెండు చోట్ల, అందులో ఒకటి పాఠశాల బయట, శాశ్వతంగా ఉంచండి. ముడి దృశ్యాలను ఆ విద్యా సంవత్సరం చివర తొలగించండి. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరుసలో మొదలైతే కంప్యూటరే కాలక్రమంలో పేర్చుతుంది.

అనుభవం ఉన్నవారు చదువు ముగించి వెళ్లిపోతే ఎలా?

ప్రతి పనిలోనూ ఒక పెద్ద తరగతి విద్యార్థి పక్కన ఒక చిన్న తరగతి విద్యార్థి కూర్చోవాలి. విద్యా సంవత్సరం చివరి రెండు నెలల్లో కుర్చీలు మారాలి, అంటే చిన్నవారు నడపాలి, పెద్దవారు పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒక్కో పనికి ఒక పేజీ చొప్పున చేతిపుస్తకం రాయించండి. ఏ బటన్ ఏమి చేస్తుందన్నది తయారీదారు పుస్తకంలో ఉంటుంది. మన పుస్తకంలో ఉండవలసింది మన గదిలో ఏ సాకెట్ వదులుగా ఉంది, ఏ మైక్‌కు ఎంత లెవెల్ పెట్టాలి, బొమ్మ రాకపోతే ఏ వరుసలో వెతకాలి అన్నవి. ఖాతాల పాస్‌వర్డ్‌లు ఏటా మార్చాలి.

సెలవుల ముందు పరికరాల రిజిస్టరు చూసి ప్రతి వస్తువునూ లెక్క సరిచూడాలి. బ్యాటరీలను కెమెరాల నుంచి తీసి సగం ఛార్జింగ్‌తో చల్లని చోట దాచాలి. లిథియం బ్యాటరీలు నిండుగా ఉంచినా, పూర్తిగా ఖాళీగా ఉంచినా త్వరగా పాడవుతాయి. టెలీప్రాంప్టర్ అద్దానికీ లెన్సులకూ మూతలు, కేబుళ్లకు వదులైన చుట్టలు, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో రిజిస్టరు చివరి పేజీలో సంతకంతో సహా.